రేకులు కొనడానికి డబ్బు పంపితే చాలదా, మనుషులం కూడా పోవాలా? (నేపాల్ సేవ గురించి)

కాజీపేట పాస్టర్

అందరికీ వందనాలు. మాది కాజీపేట దగ్గర చిన్న సంఘం. 2015లో నేపాల్ భూకంపం తర్వాత మేం ఐదుగురం వెళ్ళి ఒక కొండ ఊళ్ళో రేకులు వేసి వచ్చాం. అవి ఇప్పుడు తుప్పు పట్టి కారుతున్నాయట. మళ్ళీ పోదామని మా యువకులు అడుగుతున్నారు. ప్రయాణానికే 80 వేలు అవుతుంది. "ఆ డబ్బు పంపిస్తే వాళ్ళే వేయించుకుంటారు, కానుకల డబ్బుతో మీరెందుకు తిరగడం" అని సంఘ పెద్దల్లో కొందరి మాట. రెండు ఆదివారాలుగా తేలడం లేదు. బయటివాళ్ళు ఏమంటారో వినాలని ఇక్కడ పెడుతున్నాను.

నా సంగతి చెప్తాను. కాజీపేటలో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. పట్నా, రక్సౌల్, సరిహద్దు దాటితే బీర్‌గంజ్. మన 100 అక్కడ 160. సింధుపాల్‌చోక్ జిల్లాలో ఆ ఊరు చేరేసరికి నాలుగు రోజులు పట్టింది. రాయీ మట్టీ కలిపి కట్టిన ఇళ్ళన్నీ కుప్పపోసినట్టున్నాయి. వానలు దగ్గరపడుతున్నాయి కాబట్టి బియ్యం కన్నా రేకుల కోసమే ఎక్కువ అడిగారు.

నేపాల్‌లో వారం సెలవు శనివారం, ఆరాధన కూడా ఆ రోజే. ఏప్రిల్ 25 శనివారం, మధ్యాహ్నం 12కు కాస్త ముందు భూమి కదిలింది. బడులకు సెలవు కాబట్టి ఎందరో పిల్లలు బతికారు. ఆరాధనలో ఉన్నవాళ్ళ మీద మాత్రం మందిరాలు కూలాయి. ఇది నాకు సరిగ్గా తెలియక, వెళ్ళిన రోజు ప్రార్థనలో "సెలవు రోజున రప్పించి పిల్లల్ని కాపాడావు ప్రభువా" అన్నాను. నా ఎదురుగా కూర్చున్న ఒకామె తల వంచుకుంది. ఆమె భర్త మందిరంలోనే పోయాడని రాత్రి చెప్పారు. ఆ తర్వాత అక్కడున్నన్ని రోజులు నేను ప్రసంగం చేయలేదు, రేకులు మోశాను. ఇరవై ఏళ్ళ పరిచర్యలో నాకు అంత బుద్ధి చెప్పినవాళ్ళు లేరు. డబ్బు పంపి ఊరుకుంటే ఆ అమ్మ నాకు తెలిసేదా? అందుకే నా మనసు పోవడం వైపే ఉంది.

మట్టెవాడ మాస్టారు

పాస్టర్ గారూ, మీరు మనసు విప్పి రాశారు కాబట్టి నేనూ సూటిగానే అడుగుతాను. నేను హిందువును, రిటైర్డ్ టీచర్‌ను. రేకు చేతికిచ్చే ముందు ప్రార్థన చేయించారా లేదా?

సాయాన్ని మతం పెంచుకోవడానికి వాడకూడదని రెడ్‌క్రాస్, ఇతర సేవాసంస్థలు కలిసి 1994లోనే నియమావళి రాసుకున్నాయి. నేపాల్ కూడా 2015 రాజ్యాంగంలో, 26వ అధికరణంలో, ఇంకొకరిని మతం మార్చడాన్ని నిషేధించింది. ఆ చట్టం మంచిదా కాదా అన్నది వేరే వాదన. ఇల్లు కూలినవాడు ఎవరేం చెప్పినా తల ఊపుతాడు. దాన్ని విశ్వాసమని మీరే ఒప్పుకోకూడదు.

నైంనగర్ నుంచి

నాది ఒక్కటే మాట అయ్యగారూ. 2023 జులై గుర్తుందా? ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగితే జనం డాబాలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. మా నైంనగర్‌లో నాలా పొంగి నడుంలోతు నీళ్ళు. బియ్యం, బట్టలు అన్నీ పోయాయి. మీ మందిరం నుంచి మా వీధికి అరగంట కూడా పట్టదు. బిస్కెట్ ప్యాకెట్లు ఇచ్చి ఫొటోలు తీసుకున్నవాళ్ళు చాలామందే వచ్చారు. ఇంట్లో బురద ఎత్తిపోయడానికి మాత్రం ఎవరూ రాలేదు. నేనూ మా అమ్మా నాలుగు రోజులు ఎత్తాం. నేపాల్ దాకా పోయేవాళ్ళకి మేం కనబడలేదా?

జగిత్యాల వాసి, మస్కట్

అక్క కోపం న్యాయమే. కానీ నాకు జరిగింది కూడా చెప్పాలి. మా కంపెనీ ఐదు నెలలు జీతం ఇవ్వలేదు. క్యాంపులో మేం పదకొండు మందిమి, కరెంటు కూడా తీసేశారు. అప్పుడు ప్రతి శుక్రవారం ఒక మలయాళీ పాస్టరు, ఆయనతో ఇంకో ఇద్దరు వచ్చేవాళ్ళు. అన్నం, పప్పు తెచ్చి మాతోపాటే కింద కూర్చుని తినేవాళ్ళు. మాకు వాళ్ళ భాష రాదు, వాళ్ళకి తెలుగు రాదు. మేం హిందువులం, ముస్లింలం, ఎవ్వరం మారలేదు, వాళ్ళు అడగనూ లేదు. జీతం చివరికి లేబర్ కోర్టులో వచ్చింది. ఆ ఐదు నెలలు పురుగుమందు గురించి ఆలోచించకుండా నన్ను ఆపింది మాత్రం ఆ శుక్రవారాలే. మాస్టారూ, మనిషి రావడం వేరే సార్. డబ్బుతో అది కాదు.

డిచ్‌పల్లి నర్సు

రావడం ఒక్కటే కాదు తమ్ముడూ, ఎన్నాళ్ళు ఉన్నారన్నది చూడాలి. మా డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి 1915లో మొదలైంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ మొదలుపెట్టారు. డబ్బిచ్చిన పెద్ద దాత రాజా నర్సాగౌడ్, ఆయన హిందువు. ఆమె పది రోజులుండి పోయి ఉంటే ఇక్కడ ఆసుపత్రి ఉండేది కాదు. నేను ముప్పై ఏళ్ళు నర్సుగా చేశాను. విదేశాల నుంచి వారం రోజులకని వచ్చే టీములను చూశాను. మంచివాళ్ళే, కానీ వాళ్ళకి అన్నం, మంచం, మనిషి తోడు చూసుకోవడంలో మా పని ఆగేది. ఆ నేపాల్ ఊరివాళ్ళకీ మీరు అలాంటి బరువేనేమో, వాళ్ళని అడిగారా?

కాజీపేట పాస్టర్

మాస్టారూ, చేయించాను. మొదటి రోజు వరసలో నిలబెట్టి, ప్రార్థన చేసి, ఫొటో తీసి, ఆ తర్వాతే రేకులిచ్చాం. ఫొటోలు సంఘానికి చూపించాలని. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రతి ఏడాదీ బోధించేవాణ్ణి నేనే. ఆ అమ్మ సంగతి తెలిశాక రెండూ ఆపేశాను. అది తప్పని ఇక్కడ ఒప్పుకుంటున్నాను, వచ్చే ఆదివారం సంఘంలోనూ చెప్తాను.

అయినా డోర్నకల్ బిషప్‌గా చేసిన అజరయ్యగారి మాట నన్ను వదలడం లేదు. ఆయన తిరునెల్వేలి ప్రాంతం వారు. అక్కడి క్రైస్తవులు 1903లో తమ సొంత డబ్బుతో మిషనరీ సంఘం పెట్టుకుని మన డోర్నకల్‌కు మనుషుల్ని పంపారు. ఆయనా వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో తెల్లవాళ్ళ ఎదుట నిలబడి, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇక మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. మనమూ ఇప్పుడు ఇచ్చేవాళ్ళ వైపు నిలబడ్డాం. ఆ రోజు ఆయన అడిగింది ఇవాళ మనల్నీ అడిగినట్టే.

నర్సమ్మా, అడగలేదు. రాత్రి ఫోన్ చేశాను. "టీము వద్దు, రేకుల పని తెలిసిన మేస్త్రీ ఉంటే ఒకరిద్దరిని పంపండి, మా పిల్లలకి నేర్పాలి" అన్నారు. మా సంఘంలో వెల్డింగ్ చేసే అన్నదమ్ములున్నారు, రెండు నెలలు ఉంటామన్నారు. నేను వెళ్ళడం లేదు. ఇది రాయడానికి బాధగానే ఉంది.

నైంనగర్ అమ్మా, మీరు మాకు కనబడలేదు. ఆ వారం మా మందిరంలోనూ నీళ్ళొచ్చాయి, మా బురదే ఎత్తుకున్నాం. అది జవాబు కాదని తెలుసు. జూన్‌లోపు మీ వీధికి వస్తాను, పారలు, బకెట్లు, మోటారు ఎక్కడ పెట్టాలో మీరే చూపించండి.

మట్టెవాడ మాస్టారు

మేస్త్రీలు పోతే నాకు అభ్యంతరం లేదు. కానీ ఒక చిక్కు ఉంది. సాయంత్రం పని అయ్యాక ఆ ఊరివాళ్ళు "మీ దేవుడెవరు" అని మీ వెల్డింగ్ తమ్ముళ్ళని అడుగుతారు. సగం ఇళ్ళకి ఇంకా రేకులు పడి ఉండవు. అప్పుడు వాళ్ళేం చెప్పాలో ఆదివారం సంఘంలోనే తేల్చి పంపండి.

నైంనగర్ నుంచి

జూన్ దాకా ఎందుకు అయ్యగారూ, నాలా ఇప్పుడే పూడిపోయి ఉంది. శనివారం రండి.