ఇంట్లో అరటి టిష్యూ కల్చర్: సీసాల్లో బూజు, ముక్క నల్లబడటం

ప్రశ్న:
టిష్యూ కల్చర్ చేద్దామని, అంటే చిన్న ముక్క నుంచి సీసాలో మొక్కలు పెంచుదామని, మా జి-9 (గ్రాండ్ నైన్ రకం) అరటి తోటలో సూది పిలక తవ్వి, దుంప చెక్కి లోపలి మొవ్వు తీసి, ఎంఎస్ మీడియంలో (అగర్‌తో గట్టిపడిన పోషకాల జెల్లీలో) పెట్టాను. 12 సీసాల్లో ఏడింటికి నాలుగో రోజుకే తెల్ల బూజు. మిగతావాటిలో ముక్క నల్లబడి, చుట్టూ అగర్ కూడా కాఫీ రంగుకు తిరిగింది. తప్పెక్కడ జరిగిందంటారు?

జవాబు:
అవి రెండూ వేరువేరు జబ్బులండీ. బూజు ముక్కకు దూరంగా మొదలైతే గాలిలోంచి పడినట్టు, లేదా మీడియం సరిగా ఉడకనట్టు. ముక్కను ఆనుకునే మొదలైతే, ముక్కను శుభ్రం చేయడానికి వాడే బ్లీచ్ సరిపోనట్టు. ఇంతకీ మీడియం ఎంతసేపు ఉడికించారు? ఫ్యాన్ ఆపారా?

అడిగినవారు:
కుక్కర్లో మూడు విజిళ్లు. ఉక్కపోతకి ఫ్యాన్ ఆపలేదు సార్.

జవాబు:
మూడు విజిళ్లకు పప్పు ఉడుకుతుంది గానీ సూక్ష్మజీవులన్నీ చావవు! ల్యాబ్‌లో 121 డిగ్రీల వేడిలో 15-20 నిమిషాలు ఉంచుతాం. మీరు ప్రెషర్ పడిపోకుండా 25 నిమిషాలు ఉంచండి. ఫ్యాన్ ఆపి, పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాకు చేతులు పట్టేలా రెండు రంధ్రాలు చేసి అందులోనే పని కానివ్వండి. డబ్బాలో స్పిరిట్ తుడిచాక మాత్రం దీపం వెలిగించకండి, భగ్గుమంటుంది.

నల్లబడటం అంటారా, కోసిన వంకాయ నల్లబడ్డట్టే. కోసిన ముక్కల్ని విటమిన్ సి కలిపిన శుభ్రమైన నీళ్లలో వేయండి, మొదటి వారం చీకట్లో ఉంచండి. నల్లబడిన అంచు చెక్కేసి కొత్త సీసాలోకి మార్చండి.

ఇంకొకరు:
నావి వేళ్లూ వచ్చాయి. కుండీలోకి మారిస్తే రెండు రోజుల్లో వడలిపోయాయండి.

జవాబు:
సీసాలో పెరిగిన ఆకుకు మైనపు పూత సరిగా ఉండదు, నీటిని పట్టి ఉంచలేదు. వేళ్లకంటిన అగర్ కడిగేసి, కొబ్బరిపొట్టులో నాటి, పైన ప్లాస్టిక్ గ్లాసు బోర్లించండి. వారం పోయాక రోజూ కాసేపు తీస్తూ అలవాటు చేయండి. ఎండలోకి అప్పుడే వద్దు.

మొదట అడిగినవారికి ఇంకో మాట. మీ తోటలో ఆకులు చిన్నవై, మొవ్వు దగ్గర గుత్తిగా మొలిచిన చెట్లేమైనా ఉన్నాయా?

అడిగినవారు:
పిలక తీసిన వరుసలోనే రెండున్నాయి.

జవాబు:
అది బంచీటాప్ వైరస్ కావచ్చు. పేనుబంక అనే చిన్న పురుగు దాన్ని మోస్తుంది. తల్లిచెట్టులో వైరస్ ఉంటే సీసాలో పుట్టే పిల్లలకూ రావచ్చు, బ్లీచ్‌తో పోదు. ఆ సీసాలన్నీ మూత తీయకుండా కుక్కర్లో ఉడికించి పారేయండి. కొత్త పిలక వేరే తోటలో తెచ్చుకోండి. ఎకరాకు ఆరడుగుల ఎడంలో 1,210 మొక్కలు పడతాయి. అన్ని కావాలంటే మాత్రం వైరస్ పరీక్ష చేసిన ల్యాబ్ మొక్కలే కొనండి, ఇంటి సీసాలు నేర్చుకోవడానికే.