మావారి నంబరు ఇప్పుడు ఇంకెవరిదో. నా ఫోన్ సంగతి ముందే ఎలా చూసుకోవాలి?

కొత్తపేట టీచర్:
నమస్కారం. నాకు 63 ఏళ్లు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మావారు పోయి ఏడాదిన్నర అయింది. ఆయన ఫోన్ ప్యాటర్న్ లాక్ మాకెవరికీ తెలియదు. సిమ్ రీచార్జ్ చేయాలన్న ధ్యాస ఆ రోజుల్లో ఎవరికి ఉంటుంది? మొన్న వాట్సాప్ తెరిస్తే 'మావారు' అన్న పేరు పక్కన, బుగ్గన దిష్టిచుక్క పెట్టిన పసిపాప ఫొటో. నంబరు వేరెవరికో ఇచ్చేశారు. ఆ పాప చల్లగా ఉండాలి. కానీ నాకు చాలాసేపు చేతులు వణికాయి.

పాత చాట్ నా ఫోన్లో అలాగే ఉంది. సరూర్‌నగర్ రైతుబజార్ నుంచి ఆయన పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి, పదకొండు సెకన్లు: "గోంగూర ఎర్రది తేనా, తెల్లది తేనా? తొందరగా చెప్పు, ఈవిడ కట్టేస్తోంది." వెనకాల తక్కెడ పళ్లెం చప్పుడు. అది పోగొట్టుకోలేను.

ఇక నా సంగతి. అబ్బాయి కూకట్‌పల్లిలో, అమ్మాయి డల్లాస్‌లో. నేను పోయాక ఫొటోలకో, బ్యాంకు పనులకో వాళ్లు మాలాగా తిప్పలు పడకూడదు. అలాగని నా మెసేజ్‌లన్నీ వాళ్లు చదవడం ఇష్టం లేదు. మా చెల్లెలు తన కాపురం కష్టాలన్నీ రాత్రి రెండింటికి నాకే రాసుకునేది. నన్ను నమ్మి చెప్పుకుంది, నా పిల్లల్ని నమ్మి కాదు. ఏం చేయమంటారు?

మల్కాజిగిరి, సాఫ్ట్‌వేర్:
అమ్మా, ముందు ఆ వాయిస్ మెసేజ్ సంగతి ఇవాళే చూడండి. చాట్ తెరిచి 'ఎక్స్‌పోర్ట్ చాట్' నొక్కి, మీడియాతో సహా మీ మెయిల్‌కు పంపుకోండి. పెన్‌డ్రైవ్‌లో కూడా వేయించండి. ఆ నంబరుకు పొరపాటున కూడా మెసేజ్ పెట్టకండి, ఆ కొత్తవాళ్లకు వెళ్తుంది.

గూగుల్‌లో 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్' అని ఉంది, 2013 నుంచీ. మీ అకౌంట్ 3, 6, 12 లేదా 18 నెలలు కదలకపోతే మీరు చెప్పినవాళ్లకు కబురు వెళ్తుంది. పది మంది దాకా పెట్టుకోవచ్చు. ఎవరికి ఏది అన్నది మీ ఇష్టం: అమ్మాయికి ఫొటోలు ఇచ్చి, మెయిల్ ఇవ్వకుండా ఉండొచ్చు. ఏమీ పెట్టకపోతే, రెండేళ్లు వాడని అకౌంట్‌ను గూగుల్ తీసేయవచ్చు. ఫేస్‌బుక్‌లో ఎవరినైనా 'లెగసీ కాంటాక్ట్'గా పెడితే మీ తర్వాత వాళ్లు మీ పేజీ చూసుకుంటారు, మెసేజ్‌లు మాత్రం చదవలేరు.

వాట్సాప్‌లో ఇలాంటి ఏర్పాటు లేదు. 120 రోజులు వాడకపోతే మామూలుగా అకౌంట్ పోతుంది, కానీ ఫోన్లో ఉన్న చాట్ అలాగే ఉంటుంది. లాక్ తెలిసినవాళ్లు చదవగలరు. చెల్లెలి గారి చాట్‌కు 'డిసప్పియరింగ్ మెసేజెస్' పెడితే ఇకమీదట వచ్చేవే పోతాయి, పాతవి మీరే తీసేయాలి.

తార్నాక, రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి:
టీచర్ గారూ, ఫోన్ లాక్ నంబరు ఒక కాగితం మీద రాసి కవర్‌లో పెట్టి, బీరువాలో ఎక్కడుందో అబ్బాయికి చెప్పండి. వీలునామాలో పాస్‌వర్డ్‌లు రాయకండి, అది నలుగురి చేతుల్లో పడుతుంది. వాట్సాప్‌లో "అంతా మీదే" అని రాసినా వీలునామా కాదు. కాగితం, మీ సంతకం, ఇద్దరు సాక్షులు ఉండాలి.

మీరు లేనప్పుడు మీ ఫోన్‌తో పిల్లలు యూపీఐలో డబ్బు తీయకూడదు, నామినీ క్లెయిమ్ ద్వారానే తీసుకోవాలి. 2025 నవంబరు నుంచి ఒక ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. సిమ్ మాత్రం వెంటనే వదలొద్దని చెప్పండి. ఓటీపీలన్నీ దానికే వస్తాయి, 90 రోజులు వాడకం లేకపోతే నంబరు ఆపేయవచ్చు.

ఉప్పల్ నుంచి:
అమ్మ పోయాక ఆమె ఫోన్లో పిన్నితో మాట్లాడుకున్నవన్నీ నేను చదివాను. అందులో నా పెళ్లి గురించి అమ్మ పడ్డ దిగులు ఉంది. పిన్ని బయటికి రానివ్వని విషయాలూ ఉన్నాయి. ఇప్పటికీ పిన్ని ఎదురుపడితే తల దించుకుంటాను. మీ చెల్లెల్నే అడగండి అమ్మా. ఆవిడ చెప్పినట్టు చేయండి. కానీ పిల్లలకు రాసినవి ఒక్కటీ తీసేయకండి. "బస్సు దొరికిందా?" అని అమ్మ పెట్టిన మెసేజ్‌లే నాకు మిగిలాయి.

కొత్తపేట టీచర్:
నిన్న చెల్లెలికి ఫోన్ చేశాను. కాసేపు పలకలేదు. తర్వాత "ముందు నేనే పోతే నువ్వు రాసినవి ఎవరు చూస్తారక్కా?" అంది. నా చేతి రాతలు దాని ఫోన్లోనూ ఉన్నాయన్న ఆలోచనే నాకు రాలేదు. ఆదివారం ఇక్కడికి వస్తోంది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని తీసేస్తాం.

కవర్ రాసి బీరువాలో పెట్టాను. వాయిస్ మెసేజ్ అబ్బాయి పెన్‌డ్రైవ్‌లో వేశాడు. వేస్తూ మూడుసార్లు విన్నాడు, నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. ఒక పెన్‌డ్రైవ్ చాలంటారా, అమ్మాయికి ఇంకోటి పంపమంటారా?