పక్కింటి పెద్దాయన తుపాకులు, తుపాకీ మందు డబ్బాలు: ఏవి తీసుకోవాలి, ఏవి వదిలేయాలి?

కొత్తచేయి:
మా పక్కింటి పెద్దాయన రెండు నెలల క్రితం పోయారు. నాకు గురి చూడటం నేర్పింది ఆయనే. ఆయన పిల్లలకు తుపాకుల మీద ఆసక్తి లేదు. నిన్న ఆయన భార్య పిలిచి, "కింది గదిలో ఉన్నవన్నీ నువ్వే తీసుకో బాబూ, ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి బేరాలాడితే నేను చూడలేను" అన్నారు. ఒక స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 (పాత సైనిక రైఫిల్), ఇంకో వేట రైఫిల్, రెండు గొట్టాల షాట్‌గన్ ఉన్నాయి. బల్లకు బిగించిన ఆర్‌సీబీఎస్ ప్రెస్ (తూటాలు నింపే యంత్రం), తక్కెడ, డైల (దానికి బిగించే అచ్చుల) పెట్టెలు, పదకొండు పౌడర్ (తుపాకీ మందు) డబ్బాలు, ఒక గాజు సీసాలో విడి ప్రైమర్లు (తూటా అడుగున ఉండి మందుకు నిప్పంటించే చిన్న మూతలు), ఆయన చేత్తో నింపిన తూటాలు ఓ మూడు వందలు, మోతాదుల లెక్కలు రాసుకున్న నోటు పుస్తకం కూడా. డబ్బాల్లో సగం మూత తీసినవే. నాకు గ్రీన్ కార్డు ఉంది. రీలోడింగ్ (వాడిన తొడుగుల్ని మళ్లీ నింపడం) అంటారా, ఆయన పక్కన నిలబడి చూడటమే తప్ప చేసింది లేదు. శనివారం మా బావమరిది కారులో అన్నీ తెచ్చేసుకుందామని ఉంది. వాడు ఇక్కడ అమెరికాలోనే ఎం.ఎస్. చదువుతున్నాడు. మొత్తానికి కలిపి ఒక ధర చెప్పమంటున్నారు ఆవిడ. ఏం చెప్పను?

పాతఇత్తడి:
ధర సంగతి తరువాత. ముందు ఆ సీసా జోలికి వెళ్లకండి. ప్రైమర్లను కంపెనీ వాళ్లు ఒక్కొక్కటి విడిగా గుంటలో పెట్టి అమ్మేది అందం కోసం కాదు. విడిగా సీసాలో పోస్తే ఒకటి పేలినప్పుడు మిగిలినవన్నీ దానితో పాటే లేస్తాయి, పైగా గాజు. ఊపి చూడటం, బల్ల మీద కుమ్మరించి లెక్కపెట్టడం వద్దు. అగ్నిమాపక కేంద్రానికి ఫోను చేసి ఉన్న విషయం చెప్పండి.

నేను ముప్ఫై ఏళ్లు లేత్ మీద పనిచేసినవాణ్ణి, కాబట్టి ఇనుము అంటే పక్షపాతం ఉంది. నా సూత్రం ఒకటే: ఇనుము కొనండి, మందు వదిలేయండి. ఆ ప్రెస్ పోత ఇనుముదైతే మీ మనవలు కూడా వాడతారు. పైపై తుప్పుకు భయపడకండి. రామ్‌ను (ప్రెస్‌లో పైకీ కిందికీ కదిలే కడ్డీని) పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడండి, వదులు లేకపోతే చాలు. డైల లోపలికి టార్చి వేసి గీతలున్నాయేమో చూడండి. తక్కెడను బరువు తెలిసిన రాళ్లతో సరిచూసుకునే దాకా నమ్మకండి.

మూత తీసిన పౌడర్ విషయంలో మొహమాటం వద్దు. లోపల ఉన్నది లేబుల్ మీద రాసి ఉన్నదేనని చెప్పగలిగిన ఒక్క మనిషీ ఇప్పుడు లేరు. పాడైన పౌడర్‌ను ముక్కే పట్టేస్తుంది. మంచిది స్పిరిట్ వాసన కొడుతుంది, చెడింది ఆమ్లంలా ఘాటుగా ఉంటుంది, మూత లోపల ఎర్రటి పొడి కనిపిస్తుంది. కానీ వాసన బాగుందంటే అది చెడిపోలేదని మాత్రమే, అది ఏ పౌడరో వాసన చెప్పదు.

ఆయన నింపిన తూటాలు కాల్చకండి. ఆయన ఎంత జాగ్రత్తపరుడైనా సరే. గుండు ఊడదీసి, ఇత్తడి తొడుగు ఉంచుకోండి. ఆ తొడుగుల్లో కూడా పేపర్ క్లిప్పు కొసను కొద్దిగా వంచి, లోపలికి దింపి, అడుగు నుంచి పైకి గీరండి. అడుగుకు కొంచెం పైన కొస దేనికైనా తట్టుకుంటే అక్కడ గాడి పడిందన్నమాట, ఈసారి పేలిస్తే తెగుతుంది. పారేయండి.

స్ప్రింగ్‌ఫీల్డ్ మీద వరుస సంఖ్య చూసి చెప్పండి. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారంలో చేసినదై, సంఖ్య 8,00,000 లోపు ఉంటే గోడకు తగిలించుకోండి. అప్పట్లో ఉక్కు ఎంత కాలిందో రంగును బట్టి కంటితోనే అంచనా వేసేవారు. ఎండ బాగా ఉన్న రోజున ఎర్రటి ఉక్కు కూడా వెలవెలబోయి కనిపిస్తుంది, ఇంకా కాల్చేస్తారు. అలా పెళుసెక్కిన రిసీవర్లు (గొట్టం బిగించే ఉక్కు చట్రాలు) కొన్ని పగిలాక 1918లో పద్ధతి మార్చారు.

వీసాబాధితుడు:
ఎవరూ అనలేదు కాబట్టి నేను అంటాను. ఆ బావమరిదిని శనివారం ఇంట్లోనే పడుకోమనండి. విద్యార్థి వీసా మీద గాని, హెచ్-1బీ మీద గాని ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉండటం వంటి కొన్ని మినహాయింపులు తప్ప. తూటాలకూ ఇదే వర్తిస్తుంది. ఆ చట్టం దృష్టిలో పౌడర్, ప్రైమర్లు, గుండ్లు, ఆఖరికి ఖాళీ తొడుగులు కూడా తూటాల కిందకే వస్తాయి. వాడి కారు డిక్కీలో ఇత్తడి తొడుగుల సంచి ఉన్నా వాడికే తలనొప్పి. నేను హెచ్-1బీలో ఉన్న రోజుల్లో స్నేహితుడు తన తూటాల పెట్టె మా ఇంట్లో దాచమంటే సరేనన్నాను. తరువాత ఇది తెలిసి రెండు రాత్రులు నిద్రపట్టలేదు.

ఇంకో మాట. వీలునామా ప్రకారం అమ్మే అధికారం ఆవిడకే ఉందో, పిల్లల్లో ఎవరికైనా ఉందో కనుక్కోండి. తుపాకుల్ని మాత్రం లైసెన్సు ఉన్న డీలరు ద్వారా మార్పించుకోండి. 4473 ఫారం నింపుతారు, ఎఫ్‌బీఐ వాళ్ల ఎన్‌ఐసీఎస్ (కొనేవాళ్ల పూర్వాపరాల) తనిఖీ అవుతుంది. మీ రాష్ట్రంలో తప్పనిసరి కాకపోయినా ఆ కాగితం మీకు రక్ష.

కొత్తచేయి:
బావమరిదికి సెలవిచ్చేశాను. అధికారం పెద్దమ్మాయి పేరున ఉందట, ఆమెతో మాట్లాడాను. స్ప్రింగ్‌ఫీల్డ్ సంఖ్య ఆరు లక్షల చిల్లర. గోడకే. ఒక సందేహం: నోటు పుస్తకంలో వేట రైఫిల్‌కు అన్నిచోట్లా "4831" అనే పౌడరే రాశారు. 4831 డబ్బా ఒకటి సీలు కూడా తీయకుండా ఉంది. ఆ లెక్క వాడుకోవచ్చా?

పాతఇత్తడి:
ఏ 4831? రెండో ప్రపంచ యుద్ధం తరువాత మిగిలిన ఫిరంగి పౌడర్‌ను హాడ్జ్‌డన్ అనే కంపెనీ ఆ అంకెతో అమ్మింది. రెండు దశాబ్దాల పాటు 4831 అంటే అదొక్కటే. 1970ల మొదట్లో డూపాంట్ వాళ్లు ఐఎంఆర్ 4831 తెచ్చారు. అంకె అదే, మండే వేగం ఎక్కువ. హాడ్జ్‌డన్ 4831కు రాసిన మోతాదు ఐఎంఆర్‌తో నింపితే ఒత్తిడి హద్దు దాటుతుంది. ఆ పుస్తకం దాచుకోండి, చదువుకోండి, దాన్ని చూసి మాత్రం నింపకండి. డబ్బా మీద పూర్తి పేరు చూసి, ఆ కంపెనీ తాజా పట్టికలో కనిష్ఠ మోతాదుతో మొదలుపెట్టండి.

కొత్తచేయి:
డబ్బా ఐఎంఆర్. పుస్తకం మళ్లీ మొదటి నుంచి తిరగేశాను. 1976 పేజీల నుంచి 4831 ముందు పెన్సిల్‌తో చిన్న "హెచ్" (హాడ్జ్‌డన్ అన్నమాట) పెట్టడం మొదలుపెట్టారు. అంతకు ముందు ఎక్కడా లేదు. నిన్న నేను కళ్లజోడు పెట్టుకోకుండా చూశాను.