ఎస్టెస్ పార్క్‌లో నాలుగు రాత్రులు, జూలైలో, పెద్దవాళ్లతో: ఏ రోజు ఏది పెట్టుకోవాలి?

కొండదారి_కొత్త

డాలస్ నుంచి జూలై ఆఖరి వారంలో కొలరాడో. ఎస్టెస్ పార్క్ అనే ఊళ్లో వంటిల్లు ఉన్న క్యాబిన్ నాలుగు రాత్రులకి తీసుకున్నాం. ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లు ఇద్దరు (68, 64, ఒకరికి బీపీ మాత్రలు నడుస్తున్నాయి), తొమ్మిదేళ్ల పాప, మేమిద్దరం. డెన్వర్‌లో అద్దె కారు.

అడగాల్సినవి:
1. రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకి టైమ్డ్ ఎంట్రీ (ఫలానా వేళకి లోపలికి వస్తామని ముందే చేసుకునే రిజర్వేషన్) రెండు రకాలంటున్నారు. ఏది తీసుకోవాలి? దొరక్కపోతే ఏం చేయాలి?
2. ఆ పార్కులోని ట్రెయిల్ రిడ్జ్ రోడ్ 12 వేల అడుగుల ఎత్తు దాటుతుందట. పెద్దవాళ్లని తీసుకెళ్లొచ్చా?
3. కొండదారుల్లో నడిపిన అలవాటు లేదు. అద్దె కారుతో ఏం జాగ్రత్తలు?

పర్మిట్_పురాణం

మొదటిదానికి. 2024, 2025 సీజన్లలో నడిచిన పద్ధతి ఇది. మీరు వెళ్లే ఏడాది తేదీలు పార్కు సైటులో సరిచూసుకుని ఇదే లెక్కన ప్లాన్ చేయండి.

మామూలు టైమ్డ్ ఎంట్రీ: బేర్ లేక్ రోడ్ తప్ప మిగతా పార్కంతా. ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 లోపు గేటు దాటాలంటే ఇది కావాలి. 9కి ముందు, 2 తర్వాత అక్కర్లేదు.

ప్లస్ బేర్ లేక్ రోడ్: పార్కంతా, బేర్ లేక్ రోడ్‌తో కలిపి. ఆ రోడ్డు మీదకి ఉదయం 5 నుంచి సాయంత్రం 6 దాకా ఇది లేకుండా పోనివ్వరు.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. "మేం బేర్ లేక్‌కి వెళ్లంలే, స్ప్రేగ్ లేక్ చాలు" అని మామూలుది తీసుకుంటారు. స్ప్రేగ్ లేక్ ఉన్నది కూడా బేర్ లేక్ రోడ్ మీదే. చెక్ పాయింట్ దగ్గర వెనక్కి తిప్పేస్తారు.

జూలై స్లాట్లు జూన్ 1న ఉదయం 8కి రిక్రియేషన్ డాట్ గవ్‌లో తెరుచుకుంటాయి. అది మౌంటెన్ టైమ్, మీకు డాలస్‌లో 9. అకౌంటు, కార్డు వివరాలు ముందురోజే ఎక్కించి పెట్టుకోండి. ప్లస్ రకం పొద్దుటి స్లాట్లే ముందు అయిపోతాయి. దొరకలేదని బెంగ వద్దు, కొన్ని స్లాట్లు ముందురోజు రాత్రికని ఆపి ఉంచుతారు, అవి 7 గంటలకి వదులుతారు. అప్పటికి మీరు ఎస్టెస్ పార్క్‌లోనే ఉంటారు కాబట్టి క్యాబిన్ వైఫై మీద 6:55కి కూర్చోండి. భోజనాలు తర్వాత.

స్లాట్ అంటే రెండు గంటల్లోపు గేటు దాటాలని మాత్రమే. లోపలికి వెళ్లాక ఎంతసేపున్నా అడగరు. రిజర్వేషన్‌కి కట్టే 2 డాలర్లు వేరు, ప్రవేశ రుసుము వేరు. రుసుము కార్డుతోనే, నోట్లు తీసుకోరు.

విజిటర్ వీసా అన్నారు కాబట్టి ఇంకొకటి. 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నివాసం లేనివాళ్లకి, 16 ఏళ్లు నిండితే, ఎంపిక చేసిన 11 పార్కుల్లో మామూలు రుసుము మీద తలకి 100 డాలర్లు అదనం పెట్టారు. ఆ 11లో రాకీ మౌంటెన్ ఉంది. వాళ్ల వార్షిక పాసు 250. ఇదే ట్రిప్పులో ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ లాంటివి కూడా ఉంటే (అవీ ఆ జాబితాలోవే) పాసు లెక్క ముందే వేసుకోండి.

చెట్లగీత

రెండోదానికి. తీసుకెళ్లొచ్చు, కానీ మొదటిరోజు కాదు.

డాలస్ 500 అడుగుల దగ్గర ఉంటుంది. ఎస్టెస్ పార్క్ 7,522. ట్రెయిల్ రిడ్జ్ రోడ్ శిఖరం 12,183. పట్టణంలో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే ముప్పాతిక వంతు, పైన మూడింట రెండొంతులు కూడా ఉండదు. పొద్దున విమానం దిగి సాయంత్రానికి పైకెక్కేస్తే తలనొప్పి, వికారం, రాత్రి నిద్ర పట్టకపోవడం వచ్చే అవకాశం ఎక్కువ. వయసుతో పెద్దగా పనిలేదు, పాతికేళ్లవాళ్లకీ వస్తుంది.

నాలుగు రాత్రులున్నాయి కాబట్టి ఇలా పెట్టుకోండి. దిగిన రోజు ఏమీ వద్దు. లేక్ ఎస్టెస్ చుట్టూ 3.75 మైళ్ల బాట దాదాపు సమతలం, అందులో ఓపికున్నంత నడిచి వెనక్కి రండి. బిగ్ థాంప్సన్ నది పక్కన మెయిన్ స్ట్రీట్ తిరగండి. కొండపక్కన తెల్లగా కనిపించే 1909 నాటి స్టాన్లీ హోటల్‌ని చూడండి. ఆవిరి కార్ల స్టాన్లీ సోదరుల్లో ఒకాయన క్షయతో ఇక్కడికి వచ్చి, కోలుకుని కట్టించింది అది. ఆరోగ్యం కోసం ఈ గాలి వెతుక్కుంటూ వచ్చినవాళ్లుంటే, ఇదే గాలికి మనకి తలనొప్పి!

రెండో రోజు స్ప్రేగ్ లేక్. చెరువు చుట్టూ మైలు లోపే, వీల్ చెయిర్ కూడా పోయే బాట, ఎత్తు 8,700 దరిదాపు. బేర్ లేక్ 9,475, చుట్టుబాటలో కొంచెం ఎగుడుదిగుళ్లున్నాయి. పెద్దవాళ్లకి నా ఓటు స్ప్రేగ్‌కే. ప్లస్ పర్మిట్ దొరక్కపోతే సాయంత్రం 6 దాటాక వెళ్లండి. జూలై ఆఖర్లో ఎనిమిది దాకా వెలుతురుంటుంది, పార్కింగూ ఖాళీ.

మూడో రోజు ట్రెయిల్ రిడ్జ్. ఉదయం 9కి ముందే గేటు దాటితే పర్మిట్ గొడవే లేదు. అసలు కారణం అది కాదు, పిడుగులు. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం అయ్యేసరికి మబ్బు కమ్మి ఉరుములు మొదలవుతాయి. చెట్లు మొలవని ఎత్తులో, 11 మైళ్ల మేర, అన్నిటికంటే ఎత్తుగా నిలబడేది మనిషే. పన్నెండుకల్లా చెట్లున్న చోటికి దిగిపోయేలా చూసుకోండి. "2 తర్వాత పర్మిట్ అక్కర్లేదు కదా, అప్పుడు వెళ్దాం" అనుకునేవాళ్లు సరిగ్గా పిడుగుల వేళకి పైన ఉంటారు.

పైన ఆగాల్సినవి: రెయిన్‌బో కర్వ్ (10,829, టాయిలెట్లున్నాయి), ఫారెస్ట్ కాన్యన్ ఓవర్‌లుక్ (కారు నుంచి కొద్దిపాటి నడకే), ఆల్పైన్ విజిటర్ సెంటర్ (11,796). రాక్ కట్ దగ్గరి టండ్రా బాట అరమైలే కదా అనిపిస్తుంది. అది ఎగువకి. పెద్దవాళ్లని కారు దగ్గరే కూర్చోబెట్టి మీరూ పాపా వెళ్లిరండి. బాట దిగి గడ్డి మీద అడుగు పెట్టొద్దు, అక్కడ అరచేతంత మొక్క పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. కింద 75 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటే పైన 45 ఉండొచ్చు, దానికి తోడు గాలి. స్వెటరు చాలదు, గాలి ఆపే జాకెట్టు కావాలి.

నీళ్లు తరచుగా తాగించండి. మొదటి రెండు రోజులు మద్యం మానేయండి. ఆక్సీమీటర్ తెచ్చుకుంటే ఇంట్లో కనిపించే 98 ఇక్కడ కనిపించదు, కంగారు పడొద్దు. అంకె కంటే మనిషిని చూడండి: మాట తడబడటం, నడక తూలడం, కూర్చున్నా ఆయాసం కనిపిస్తే ఆలోచన లేకుండా కిందికి దిగిపోవాలి. దిగడాన్ని మించిన మందు లేదు. బీపీ మాత్రలు వాడేవారు ఎత్తు పడనివాళ్లకి ఇచ్చే డయామాక్స్ లాంటిది సొంతంగా మొదలుపెట్టొద్దు, అదీ మూత్రం ఎక్కువ చేసే మందే. బయల్దేరేముందు డాక్టరుని అడగండి.

రెండో_గేరు

మూడోదానికి. ఎక్కడం కాదు కష్టం, దిగడం.

శిఖరం నుంచి ఎస్టెస్ పార్క్‌కి 4,600 అడుగుల పైచిలుకు దిగుడు. దారంతా బ్రేకు మీద కాలుంచితే ప్యాడ్లు కాలి, బ్రేకు ద్రవం మరిగి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. కాలిన రబ్బరు, ఇనుము కలిసిన వాసన వస్తే అదే సూచన. ఆటోమేటిక్ అయినా గేరు లివర్ పక్కన ఎల్ అనో, ఎం అనో, మైనస్ గుర్తో ఉంటుంది. రెండో గేరుకి దించండి, ఇంజన్ శబ్దం పెరుగుతుంది, పెరగనివ్వండి. బ్రేకు అవసరమైనప్పుడు గట్టిగా కొద్దిసేపు నొక్కి వదిలేయండి, నొక్కి పట్టుకోవద్దు. వెనక కార్లు పోగైతే పుల్ అవుట్‌లో ఆగి దారివ్వండి. పై భాగంలో చాలా చోట్ల రోడ్డు పక్కన రెయిలింగ్ లేదు. భయపడేవాళ్లని లోయ వైపు సీట్లో కూర్చోబెట్టొద్దు.

పార్కులో పెట్రోలు దొరకదు. పట్టణంలోనే నింపుకోండి. బంకులో అన్నిటికంటే చవకది 85 ఆక్టేన్ అని ఉంటుంది, డాలస్‌లో అలవాటైన 87 ఇక్కడ మధ్య బటన్. ఈమధ్య కార్లలో మూత వెనక 87 అని రాసి ఉంటే 87 కొట్టించండి, అద్దె బండికి ఆ మిగులు కోసం చూసుకోవద్దు.

ఓల్డ్ ఫాల్ రివర్ రోడ్ అని ఇంకోటి కనిపిస్తుంది. మట్టి దారి, ఎగువకి మాత్రమే వన్ వే, 15 మైళ్ల వేగం, మలుపులు ఇరుకు. మొదటిసారికి వద్దు. డెన్వర్ నుంచి బౌల్డర్, లయన్స్ మీదుగా 36 నంబరు హైవే పట్టుకుని రండి. లవ్‌లాండ్ నుంచి వచ్చే 34 కూడా బాగుంటుంది, బిగ్ థాంప్సన్ లోయ గుండా. అక్కడ వరద వస్తే కొండెక్కమని బోర్డులుంటాయి, వాటిని సరదాకి పెట్టలేదు. 1976 జూలై 31 రాత్రి వరదకి ఆ లోయలో 140 మందికి పైగా పోయారు. కుండపోతగా ఉంటే 36నే నమ్ముకోండి అని కూడా అనలేను, 2013 సెప్టెంబరులో రెండు రోడ్లూ కొట్టుకుపోయాయి. వాన ఆగేదాకా డెన్వర్‌లోనే ఉండండి.

కొండదారి_కొత్త

చాలా థాంక్సండీ. ఇంకో రెండు చిన్నవి. క్యాబిన్‌లో అన్నం, పప్పు వండుకోవాలని పెద్దవాళ్ల పట్టుదల. ఎలక్ట్రిక్ కుక్కర్ పట్టుకెళ్తే చాలా? ఎలుగుబంట్ల సంగతేంటి?

చెట్లగీత

ఆ ఎత్తులో నీళ్లు 198 ఫారన్‌హీట్ దగ్గరే మరుగుతాయి, 212 దాకా పోవు. ఎలక్ట్రిక్ కుక్కర్‌కి తెలిసేది నీళ్లు ఇంకిపోయాయా లేదా అన్నదే, మెతుకు ఉడికిందా అన్నది కాదు. అందుకే స్విచ్ మామూలుగానే పైకొస్తుంది, మెతుకు మధ్యలో పలుకు ఉంటుంది. బియ్యం అరగంట నానబెట్టి, గ్లాసుకి పావు గ్లాసు నీళ్లు అదనంగా పోయండి. కందిపప్పు మూత లేని గిన్నెలో అయితే గంటలు పడుతుంది. ప్రెషర్ పాట్ పట్టుకెళ్లండి, టైము పావు వంతు పెంచండి: ఇంట్లో 12 నిమిషాలైతే ఇక్కడ 15. సూట్‌కేసులో ఆవకాయ సీసా ఉంటే కవర్లో కట్టి, సింకులో పెట్టి మూత తీయండి. లోపలి గాలి ఉబ్బి నూనె చిమ్ముతుంది.

రెండో_గేరు

ఎలుగులు పట్టణంలోకీ వస్తాయి. కారులో తిండి ఉంచొద్దు, ఖాళీ చిప్స్ ప్యాకెట్టు కూడా. తలుపులు తప్పక లాక్ చేయండి, హ్యాండిల్ లాగి తెరవడం వాటికి వచ్చు. లోపలికెళ్లాక తలుపు మూసుకుపోతే సీట్లన్నీ చీల్చేస్తాయి. చెత్త ఎలుగులు తెరవలేని డబ్బాలోనే వేసి, గొళ్ళెం పడిందో లేదో లాగి చూడండి.

ఎల్క్‌లకి (పెద్ద జింకలు) కనీసం 75 అడుగులు, మూస్‌కి (అంతకంటే పెద్ద జింక జాతి), ఎలుగుకి 120 అడుగులు దూరం. పట్టణంలో ఎల్క్‌లు గోల్ఫ్ కోర్సు గడ్డి మీద ఆవుల్లా పడుకుని ఉంటాయి, చూసి పాప దగ్గరికి పరిగెత్తకుండా చేయి పట్టుకోండి. జూలైలో పిల్లలతో ఉన్న తల్లులు మీదికొస్తాయి.

పర్మిట్_పురాణం

పార్కులో సిగ్నల్ చాలా చోట్ల ఉండదు. పర్మిట్ క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్ తీసి ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. గేటు దగ్గర సైటు తెరవాలని చూస్తే వెనక నలభై కార్లు ఆగుతాయి.