లివర్ న్యూట్రల్‌లో ఉన్నా లోడర్ చేతులు దిగుతున్నాయి: తప్పు సీల్‌దా, స్పూల్‌దా?

మట్టిబండి_నల్గొండ:
సెకండ్ హ్యాండ్‌ల తీసుకున్న బ్యాక్‌హో లోడర్. ముందు బకెట్ పైకెత్తి, లివర్ న్యూట్రల్‌కి తెచ్చి, ఇంజన్ ఆపితే అరగంటల జానెడు దిగుతది. ఎనిమిది నెలలల్ల రెండుసార్లు సీల్ కిట్ మార్పించిన. మెకానిక్ మళ్ళా సీలే అంటున్నడు. తెలిసినోళ్ళు చెప్పుండ్రి.

పాతచెయ్యి:
ముప్పై ఏళ్ళుగా సిలిండర్లు విప్పుతున్నాను. లోడు దిగిందంటే పిస్టన్ సీల్ (సిలిండర్ లోపల పిస్టన్ చుట్టూ ఆయిల్ దాటకుండా ఆపే రింగు) పోయినట్టే. ఈసారి లోకల్ కిట్ వద్దు, మంచిది వేయించు.

ద్రవశక్తి:
పాతచెయ్యి గారూ, ఒప్పుకోలేను. నేను పాలిటెక్నిక్‌లో ఇదే పాఠం చెబుతాను. స్పూల్ అంటే లివర్ కదిపినప్పుడు కంట్రోల్ వాల్వు లోపల జారి ఆయిల్ దారులు మార్చే కడ్డీ. న్యూట్రల్‌లో అది చేసే పని ఏమిటి? పంపు ఆయిల్‌ని ట్యాంకుకి వదిలేసి, సిలిండర్‌కి వెళ్ళే రెండు దారులూ మూసేస్తుంది. ఇప్పుడు పిస్టన్ సీల్ పూర్తిగా పోయిందనుకుందాం. కింది గదిలో ఆయిల్ పై గదిలోకి వెళుతుంది. కానీ చేతులు దిగాలంటే రాడ్ లోపలికి రావాలి, రాడ్ వస్తే అంత ఆయిల్ బయటికి పోవాలి. రెండు దారులూ మూసి ఉంటే ఎక్కడికి పోతుంది? బరువు ఇక రాడ్ మందం మీదే ఆగుతుంది. సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) 100 మి.మీ., రాడ్ 50 మి.మీ. అయితే రాడ్ అడ్డుకోత వైశాల్యం పిస్టన్ వైశాల్యంలో నాలుగో వంతు. 60 బార్ ఒత్తిడి ఉన్న చోట 240 బార్ అవుతుంది, అంతే. దిగుతోందంటే ఆయిల్ స్పూల్ దాటి ట్యాంకుకి పోతోందన్నమాట.

గోదారి_ట్రాక్టర్:
ఒకసారి లివర్ ఫ్లోట్‌లో ఇరుక్కోలేదు కదా, చూసుకోండి. అందులో రెండు దారులూ ట్యాంకుకే తెరుచుకుంటాయి.

పాతచెయ్యి:
ఫ్లోట్ అయితే జానెడు కాదు, దభీమని పడుద్ది. లెక్చరర్ గారూ, మీ లెక్క బోర్డు మీద బాగుంటది. చీలిన సీళ్ళు నా చేత్తో తీశాను. కొత్తది వేశాక బండి ఆగింది. అదెట్టా? పైగా స్పూళ్ళుండే కంట్రోల్ బ్లాకులో ప్రతి సెక్షన్‌కీ చెక్ వాల్వు (ఆయిల్‌ని ఒక్క వైపే పోనిచ్చేది) ఉంటది. అది ఉండగా ఆయిల్ వెనక్కెట్టా పోద్ది?

ద్రవశక్తి:
ఆ చెక్ వాల్వు పంపు వైపుది. లివర్ కదిపిన క్షణంలో పంపు ఒత్తిడి ఇంకా పెరగకముందే లోడు పంపు దారిలోకి తన్నకుండా ఆపుతుంది. సిలిండర్ దారి నుంచి ట్యాంకు వైపు స్పూల్ చుట్టూ కారే ఆయిల్‌కి దానితో పని లేదు. స్పూల్ బోరులో జారాలంటే కొన్ని మైక్రాన్ల సందు ఉండి తీరాలి. కొత్త బండిలోనూ అక్కడ కొద్దిగా కారుతుంది. మురికి ఆయిల్‌తో అరిగితే ఆ సందు పెరుగుతుంది.
సీల్ మార్చాక ఎందుకు ఆగిందంటే: సీల్ చెడితే ఒత్తిడి పెరిగి, అరిగిన స్పూల్ మీద పడి, ఇంకా వేగంగా కారుతుంది. మంచి సీల్ వేస్తే ఒత్తిడి తగ్గుతుంది, దిగడం నెమ్మదిస్తుంది. రోగం మాత్రం అలాగే ఉంటుంది.

క్రేన్_విశాఖ:
లోడు రాడ్‌ని బయటికి లాగే చోట ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ కింది గదిలో ఖాళీ ఏర్పడి, సీల్ ఒక్కటి పోయినా దిగుతుంది. లోడర్ చేతులకైతే ద్రవశక్తి గారి మాటే సరి.

మట్టిబండి_నల్గొండ:
అంటే రెండు కిట్ల పైసలు, నాలుగు రోజుల పని మట్టిల కలిసినట్టేనా? ఒక్కనాడన్న వాల్వు విప్పి సూసిండా మా మెకానిక్?

పాతచెయ్యి:
చూసి ఏం చెప్పాలి తమ్ముడూ? స్పూల్ ఒక్కటే మార్చేది కాదు, బోరుకి జతగా అరగదీసి కూర్చింది. బ్లాకు మొత్తం మార్చాలంటే ఎంతవుద్దో తెలుసా? స్పూల్ అరిగిందని నాకూ తెలుస్తది. ఆ మాట చెప్పినప్పుడల్లా ఓనర్లు నన్ను దొంగంటారు. నా బాకీ ఎగ్గొట్టి వేరే షాపుకి పోయినోళ్ళు ఉన్నారు. అందుకే సీల్ వేసి రెండు నెలలు నడిపిస్తాం. తప్పంటారా?

మట్టిబండి_నల్గొండ:
తప్పే అన్నా. పైసలు పెట్టాలా వద్దా అన్నది నేను సూసుకుంట. ఆ చేతుల కింద నిలబడి గ్రీజు కొట్టేది మా తమ్ముడు. సీల్ కొత్తది, ఇగ దిగదని నేనే చెప్పి నిలబెట్టిన. స్పూల్ సంగతి ఒక్కమాట చెప్పుంటే వాణ్ణి పంపేటోణ్ణా?

ద్రవశక్తి:
న్యూట్రల్ అంటే తాళం కాదు. స్పూల్ ఎంత బిగుతుగా ఉన్నా హోస్ పైపు పగిలితే చేతులు పడిపోతాయి. ఆగి తీరాలంటే సిలిండర్ దగ్గరే లాక్ వాల్వు పెట్టాలి. అది కోన్‌లా సీటు మీద కూర్చుంటుంది, సందు ఉండదు. అది ఉన్నా లేకున్నా, చేతుల కింద పని ఉంటే ముందు సేఫ్టీ స్ట్రట్ (చేతులు దిగకుండా ఆపే ఇనుప అడ్డు) పెట్టాలి.

పాతచెయ్యి:
తమ్ముడి మాట విన్నాక నాకు నోరు రాలేదు. ఇట్టా చెయ్యి. చేతులు పూర్తిగా ఎత్తి, స్ట్రట్ పెట్టి, ఇంజన్ ఆపి, లివర్ అటూ ఇటూ ఆడించి ప్రెషర్ వదులు. రెండు సిలిండర్లకీ రాడ్ వైపు పైపులు విప్పి, పైపు చివరలు బిగించి మూసెయ్. చుట్టూ మనుషుల్ని దూరం పంపి, ఇంజన్ వేసి లివర్ ఎత్తే వైపు పట్టు. విప్పిన రంధ్రంలోంచి ఆయిల్ ధారకడితే సీల్. రాకపోతే సీల్ బాగున్నట్టే, బ్లాకు విప్పించు.

మట్టిబండి_నల్గొండ:
స్ట్రట్ బండితోని రాలేదు. రేపు పొద్దుగాల ముందు అది చేయించుకొస్త, టెస్టు ఆ తర్వాతనే. అప్పటిదాంక బకెట్ నేల మీదనే.