నెల్లూరు నుంచి ఒక్కరోజు ట్రిప్పులు: ఏ నెలలో ఎక్కడికి, వానొచ్చి ప్లాన్ మారితే ఎట్టా?

పెన్నాగట్టు (ప్రశ్న)

నెల్లూరులో బీటెక్ రెండో సంవత్సరం. మొత్తం 14 మందిమి, అందులో ఆరుగురు అమ్మాయిలు. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి లోపల నాలుగు ట్రిప్పులు వేద్దామనుకుంటున్నాం. అన్నీ పొద్దున పోయి రాత్రికి ఊరు చేరేవే, బయట పడుకుంటామంటే ఇళ్లల్లో ఒప్పుకోరు. ఇప్పటికి అనుకున్న వరస ఇది: సెప్టెంబర్లో పెంచలకోన జలపాతం, అక్టోబరు చివర్లో మైపాడు బీచ్, నవంబర్లో పులికాట్ ఫ్లెమింగోలు, జనవరిలో ఉదయగిరి కోట.

ఈ వరస సరేనా? మిడ్ పరీక్షల తేదీలు ఎప్పుడు జరుపుతారో తెలీదు, నవంబరంటే వాయుగుండాలు. పోవాలా ఆపాలా అన్నది దేన్ని చూసి, ఎప్పుడు తేల్చుకోవాలి? చివర్లో ముగ్గురు నలుగురు రామంటే డబ్బు లెక్క ఎట్టా? శ్రీహరికోటలో రాకెట్ కూడా చూడాల్సిందేనని సగం మంది పట్టు.

వెలిగొండ_దారి

ఉదయగిరి తప్ప మిగతా వరసంతా తిరగేసుకోవాలి తమ్ముడూ.

మన వైపు అసలు వాన ఈశాన్య రుతుపవనాలది. అక్టోబరు రెండో సగంలో మొదలై డిసెంబరు దాకా ఉంటుంది. నైరుతి వాన మన దాకా వచ్చేసరికి జల్లులే మిగులుతాయి. సెప్టెంబర్లో పెంచలకోన పోతే గుడి ఉంటుంది, కోన ఉంటుంది, జలపాతం దగ్గర బండల మధ్య సన్నటి ధార ఉంటుంది, అంతే. దాన్ని డిసెంబరు రెండో వారం తర్వాతకి జరపండి. అప్పటికి వానలు తెరిపిస్తాయి, వెలిగొండల్లో ఇంకిన నీళ్లు మాత్రం ఇంకా దిగుతూనే ఉంటాయి. పెద్ద వాన పడిన మరుసటి రోజే పరిగెత్తొద్దు. రెండు రోజులు ఆగి మూడో రోజో నాలుగో రోజో పోతే నీళ్లు తేటగా ఉంటాయి, ఉరవడి తగ్గుతుంది.

సెప్టెంబరు, అక్టోబరు మొదట్లోకి సోమశిల పెట్టుకోండి. మన దగ్గర చినుకు లేకపోయినా అక్కడ నీళ్లుండొచ్చు. ఎందుకంటే ఆ 78 టీఎంసీల జలాశయం నిండేది మన వానతో కాదు. పెన్న ఎగువ నుంచి వచ్చే వరద ఒకటి, శ్రీశైలం నుంచి తెలుగుగంగ మీద వచ్చే కృష్ణా నీళ్లు ఇంకొకటి. గేట్లెత్తారని పేపర్లో పడితే చూడ్డానికి బాగుంటుంది గానీ, ఆ రోజు డ్యాం కింద ఏట్లోకి ఒక్కరు కూడా దిగకూడదు. ఆత్మకూరు దాకా బస్సులకు కొదవ లేదు. అక్కడి నుంచి సోమశిలకు బస్సు దొరక్కపోతే ఆటో మాట్లాడుకోవాలి, తిరుగు ప్రయాణానికి కూడా అప్పుడే మాట్లాడుకోండి.

పెంచలకోనకు పొదలకూరు, రాపూరు మీదుగా దారి. శని ఆదివారాలు స్వామి దర్శనానికి వచ్చే జనం ఎక్కువ, బస్సులో కాలు పెట్టే చోటుండదు. వారం మధ్యలో సెలవు దొరికితే అప్పుడు పోండి. దిగగానే తిరుగు బస్సు టైము కండక్టర్నే అడిగి రాసుకోండి, ఫోన్లో కనపడే టైములు నమ్మొద్దు.

జలపాతం దగ్గర ప్రమాదం లోతుతో కంటే పాచితో ఎక్కువ. తడిసి నల్లగా మెరుస్తున్న బండ మీద అడుగెయ్యొద్దు, గరుకుగా బూడిద రంగులో ఉన్న బండే అడుగుకి ఆనుతుంది. హవాయి చెప్పులు పనికిరావు, వెనక పట్టీ ఉన్న సాండల్ కావాలి. పైన కొండలో వాన పడుతుంటే మనమున్న చోట ఎండ కాస్తుండొచ్చు. తేటగా ఉన్న నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబారినా, ఎండాకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా సామాన్లు వదిలేసి గట్టెక్కండి. అవతలి ఒడ్డున ఉన్నవాళ్లు దాటి రావాలని చూడకుండా అటే పైకి ఎక్కాలి. మునిగేదంతా ఆ దాటడంలోనే.

ఉదయగిరి జనవరి, ఫిబ్రవరి సరైన కాలమే. కొండ బాగా ఎత్తు. కృష్ణదేవరాయలు గజపతుల నుంచి 1514లో గెలుచుకున్న దుర్గం ఇదే, అంత తేలిగ్గా లొంగలేదు, మీకూ లొంగదు. పొద్దున ఏడు లోపల ఎక్కడం మొదలెట్టాలంటే నెల్లూరులో నాలుగింటికి బయల్దేరాలి. దూరం వంద కిలోమీటర్లకు కాస్త తక్కువ. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, పైన కొట్లు ఉండవు. వానల తర్వాత దారి మీద ముళ్లపొదలు కమ్ముకుంటాయి, ఫుల్ ప్యాంటు తప్పనిసరి. దారి తెలిసిన ఊరి మనిషిని ఒకర్ని వెంట పెట్టుకోండి, పైన శిథిలాల మధ్య దారి చీలుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కడున్నా సరే, దిగడం మొదలెట్టాలి. మార్చి తర్వాత ఈ కొండ మాటే ఎత్తొద్దు, బండ వేడికి ఎక్కలేరు.

అదే రోజు సీతారాంపురం మీదుగా భైరవకోన కూడా చుట్టేద్దామని ఎవరో ఒకరు అంటారు. కొండ ఎక్కిన రోజు అది కుదరదు. భైరవకోనలో ఒకే కొండను తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం, దానికే ఒక రోజు పడుతుంది. కార్తీక పౌర్ణమి నాడు మాత్రం జనసముద్రం.

కణపచెట్టు

పక్షుల సంగతి నేను చెప్తా. పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల కేంద్రం రెండూ ఒకే రోజు చూడొచ్చు గానీ రెండింటి లెక్కా వేరు.

నేలపట్టులో గూడబాతులు (పెలికాన్లు) చెరువులో మునిగి ఉండే కణప చెట్ల మీద గూళ్లు కడతాయి. చెట్ల మొదట్లో నీళ్లు నిలిస్తేనే వాటికి ధైర్యం, పిల్లులూ నక్కలూ రాలేవు. అందుకే అక్టోబరు వానకు చెరువు నిండాకే గూళ్లు మొదలవుతాయి, డిసెంబరు, జనవరి నాటికి పిల్లలు కనపడతాయి. వాన సరిగా పడని ఏడు పక్షులు పలచబడతాయి.

పులికాట్ ఫ్లెమింగోలకు దీనికి రివర్స్. అవి నిలబడి, తల కిందికి వంచి బురదనీళ్లు వడకట్టుకుని తినే పక్షులు, కాళ్లు ఆనేంత నీళ్లే ఉండాలి. నవంబర్లో వానలకు సరస్సు నిండుగా ఉంటే రోడ్డు దగ్గర ఒక్కటీ ఉండదు, ఎక్కడో గులాబీ గీతలా కనపడతాయి. నీళ్లు తగ్గడం మొదలయ్యాక, అంటే జనవరి, ఫిబ్రవరిలో, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డుకు దగ్గరగా వస్తాయి. రెండూ కలిసొచ్చేది జనవరి. ఫ్లెమింగో ఫెస్టివల్ పెట్టే రోజుల్లో మాత్రం పోవద్దు, మైకుల మోతకు పక్షులు దూరం జరుగుతాయి. ఆ ముందు వారం మేలు.

నెల్లూరులో తెల్లవారుజాము ప్యాసింజరో మెమూనో ఎక్కి దొరవారిసత్రంలో దిగండి, అక్కడి నుంచి నేలపట్టు రెండు మూడు కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్‌లు ఆగవు. తొమ్మిదిన్నర దాకా అక్కడ ఉండి, హైవే మీద బస్సో ఆటోనో పట్టుకుని సూళ్లూరుపేట. పులికాట్ రోడ్డుకు సాయంత్రం మూడున్నర తర్వాత పోండి. నడిమధ్యాహ్నం నీళ్ల మీద ఆవిరి లేచి బైనాక్యులర్లో అంతా కదులుతూ కనపడుతుంది. చలికాలం సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి, రోడ్డుకు ఉత్తరం పక్కనున్న పక్షుల మీద వెలుగు సూటిగా పడుతుంది. ఫొటోలు అటే తియ్యండి. 8×40 బైనాక్యులర్లు 14 మందికి రెండు చాలు. ఎరుపు, తెలుపు చొక్కాలు వద్దు, స్పీకరు ఇంట్లో పెట్టి రండి, డ్రోన్ ఊసే వద్దు, అది షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) పరిసరం. రోడ్డు దిగి ఒండులోకి నడిస్తే మోకాలు దాకా దిగబడుతుంది, చెప్పులు తిరిగి రావు.

చాలామంది మర్చిపోయేది: 2022 ఏప్రిల్ నుంచి సూళ్లూరుపేట, దొరవారిసత్రం తిరుపతి జిల్లాలో ఉన్నాయి. వాన హెచ్చరిక నెల్లూరు జిల్లాకు చూసుకుని బయల్దేరితే లాభం లేదు, తిరుపతి జిల్లాది కూడా చూడాలి. కాళంగి పొంగితే సూళ్లూరుపేట దగ్గరే ఆగిపోతారు.

రాకెట్‌ను ఐదో ట్రిప్పుగా పెట్టుకోవద్దు. ప్రయోగం తేదీ ఆఖరి గంటలో కూడా మారుతుంది. లాంచ్ వ్యూ గ్యాలరీకి షార్ వెబ్‌సైట్లో ముందుగా పేర్లు నమోదు చేసుకోవాలి, ఏ గుర్తింపు కార్డు నంబరు ఇచ్చారో ఆ కార్డే చేతిలో ఉండాలి. రిజిస్ట్రేషన్ తెరిచాక సీట్లు గబగబా అయిపోతాయి, కాబట్టి 14 మంది ఆధార్ వివరాలూ ఒకరి దగ్గర సిద్ధంగా పెట్టుకోండి. సీట్లు దొరక్కపోతే ఆకాశం తేటగా ఉన్న రోజు నెల్లూరు మిద్దెల మీద నుంచి కూడా కనపడుతుంది, దానికి ఖర్చు లేదు.

కొత్తపట్నం_ఒడ్డు

ఒంగోలు నుంచి. బీచ్‌ను అక్టోబరు చివర నుంచి తీసెయ్యండి. కొత్తపట్నమైనా మైపాడైనా అప్పటి నుంచి రెండు నెలలు సముద్రం మాట వినదు. పైగా అల్పపీడనం అనగానే పోలీసులు ఒడ్డుకే రానివ్వరు. ఫిబ్రవరి పొద్దుటి పూట బాగుంటుంది.

ఎప్పుడు పోయినా ఇది గుర్తు పెట్టుకోండి. అలలు వరసగా విరుగుతున్న చోట మధ్యలో ఒక సందు నున్నగా, మట్టి రంగులో, అల విరక్కుండా కనపడుతుంది. కొత్తవాళ్లు అక్కడే నెమ్మదిగా ఉందనుకుని దిగుతారు. ఒడ్డుకు కొట్టిన నీళ్లన్నీ లోపలికి లాగేసుకుపోయే దారి అది. అందులో చిక్కితే ఒడ్డుకేసి ఈదొద్దు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈదాలి, ఆ పాయ వెడల్పు తక్కువే ఉంటుంది. ఈత రానివాళ్లు మోకాలు దాటి దిగకూడదు. తాడు కట్టిన ఖాళీ ఐదు లీటర్ల క్యాన్ మూత బిగించి ఒడ్డున ఉంచుకోండి. పట్టుకొచ్చేందుకు మనిషి దూకడం కంటే అది విసరడం నయం.

కనుమ నాడు మాత్రం బీచ్ పెట్టుకోకండి. నెల్లూరోళ్లు ఆ రోజు పెన్నలో ఏటి పండుగ వదిలి ఇంకెక్కడికో పోవడమేంది!

కిలోమీటర్_రీడింగ్

డబ్బు, ఆపడం, రెండూ ఒకే చిక్కు.

బండి మాట్లాడేటప్పుడు అడగాల్సింది కిలోమీటరు రేటొక్కటే కాదు, రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్లు కడతారు అని. ఉదాహరణకు కిలోమీటరు 22 రూపాయలు, కనీసం 250, డ్రైవరు బాటా 500 అనుకోండి. పెంచలకోన పోయి రావడం 160 చిల్లరే అయినా మీరు కట్టేది 5,500 ప్లస్ 500, ఆరు వేలు. 14 మందికి తలా 429. ముగ్గురు ఎగ్గొడితే 545. కాబట్టి మొదట్లోనే 11 మందే వస్తారనుకుని తలా 550 వసూలు చెయ్యండి. అందరూ వస్తే 1,700 మిగులుతుంది, అది తలా 120 చొప్పున తిరిగివ్వొచ్చు. చివర్లో అదనంగా అడగడం కంటే తిరిగివ్వడమే తేలిక. రానివాళ్లకు బండి వాటా వెనక్కి రాదు, తిండి డబ్బు వస్తుంది, ఈ మాట డబ్బు తీసుకునే రోజే గ్రూపులో రాసి పెట్టండి. రీడింగ్ షెడ్డు నుంచి షెడ్డుకా, మీరు ఎక్కిన చోటు నుంచా అన్నది కూడా ముందే తేల్చుకుని, ఎక్కగానే మీటరు ఫొటో తియ్యండి.

అసలు బండి లేకుండా సోమశిల, పెంచలకోన బస్సుల్లోనే అయిపోతాయి. ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి కింద మీ ఆరుగురు అమ్మాయిలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ల్లో టికెట్ డబ్బు లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవడం మాత్రం తప్పనిసరి. బండి డబ్బు ఉదయగిరికి దాచుకోండి, తెల్లవారుజాము నాలుగింటికి బస్సుల మీద ఆధారపడలేరు. రైలుకు జనరల్ టికెట్ ఫోన్లో పేపర్‌లెస్‌గా తీస్తే రద్దు కాదు, ప్లాట్‌ఫారం చేరే ముందు తీసుకుంటే చాలు.

ఆపే నిర్ణయం మూడుసార్లు చూడండి: మూడు రోజుల ముందు, ముందు రోజు సాయంత్రం, బయల్దేరే పొద్దున. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 దాటితే అతి భారీ. పసుపు రంగు హెచ్చరికకే కొండ, జలపాతం ఆపెయ్యాలి. పక్షులకు పోవచ్చు, గొడుగు పట్టుకుని. నారింజ వస్తే అన్నీ బంద్, చర్చ లేదు. కృష్ణపట్నంలో ప్రమాద హెచ్చరిక జెండా ఎత్తారంటే బీచ్ ముగిసినట్టే.

మన ఊళ్లో వాన లేదు కదా అని మాత్రం తెగించొద్దు. 2021 నవంబర్లో కడప వైపు చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ వరద పెన్నలోకి వచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, హైవే తెగింది. నవంబర్లో కడప జిల్లా హెచ్చరిక కూడా చూడాల్సింది అందుకే.

పెన్నాగట్టు

అందరికీ థాంక్స్ అన్నా. అయితే సెప్టెంబరు సోమశిల, డిసెంబరు పెంచలకోన, జనవరి పక్షులు, ఫిబ్రవరి మొదట్లో ఉదయగిరి. బీచ్ వీలుంటే. ఒక చిక్కు: మిడ్స్ డిసెంబరు మూడో వారానికి జరుపుతారని అంటున్నారు. అప్పుడు పెంచలకోన జనవరికి పోతే నీళ్లుంటాయా?

వెలిగొండ_దారి

నవంబరు చివర్లో గట్టి వాన పడి ఉంటే సంక్రాంతి దాకా ధార ఉంటుంది, ఆ తర్వాత సన్నబడుతుంది. జనవరి మొదటి వారంలో పెంచలకోన, మూడో నాలుగో వారంలో పక్షులు పెట్టుకోండి. ఆలస్యమైతే పులికాట్‌కు నష్టం లేదు, కోనకే నష్టం. పోయే ముందు రాపూరులో ఎవరికన్నా ఫోన్ చేసి నీళ్లు ఎట్టున్నాయో అడగండి.

కణపచెట్టు

సంక్రాంతికి అటూ ఇటూ నాలుగు రోజులు మెద్రాసు వైపు రైళ్లలో జనరల్ బోగీ ఎక్కలేరు, ఆ వారం వదిలెయ్యండి. నేలపట్టు ప్రవేశ టికెట్‌కు చిల్లర ఉంచుకోండి, సిగ్నల్ అందక ఫోన్‌పే తిరుగుతూనే ఉంటుంది.