"మెమరీ తినేస్తోంది" అన్నిటికీ సరిపోతుందా?

మాదాపూర్, హైటెక్ సిటీ ఆఫీసుల్లో ప్రోగ్రాం కాస్త మొరాయిస్తే చాలు, "మెమరీ తినేస్తోంది" అనేస్తాం. మంచి తెలుగే. బుర్ర తినడం, లంచం తినడం ఉన్న భాషలో ఇదీ ఇట్టే కలిసిపోయింది. నా పేచీ అల్లా అన్ని జబ్బులకూ అదే మాట వాడటంతోనే.

నిజంగా తినడమంటే ఇదీ. "స్త్రీ" అన్న మాట యూనికోడ్‌లో (అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ప్రమాణం) ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. యూటీఎఫ్-8 (ఆ సంకేతాలను బైట్లుగా రాసే పద్ధతి) ఫైల్లో ఒక్కోదానికి 3 చొప్పున 18 బైట్లు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 3.3 వెర్షన్ నుంచి మెమరీలో ఒక్కోదానికి 2 బైట్లే, అంటే 12 (స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస, తన వివరాలు దాచుకునే హెడర్ ఖర్చు వేరే). అయితే తెలుగు ఫైలంతా ఒకే స్ట్రింగుగా చదివారనుకోండి, అందులో ఎక్కడో ఒక్క నవ్వుముఖం ఎమోజీ ఉన్నా ప్రతి సంకేతానికీ 4 బైట్లు పడతాయి. ఒక్క బొమ్మ కోసం మొత్తం రెట్టింపు! దీన్ని తినేయడం అనాల్సిందే.

జావా భాషలో పాత సబ్‌స్ట్రింగ్ (స్ట్రింగులోంచి ముక్క తీసే పని) కథ వేరు. పెద్ద లైన్లోంచి పది అక్షరాలు తీసి దాచుకుంటే, ఆ పది కోసం అసలు లైన్ మొత్తం మెమరీలోనే ఉండిపోయేది. ముక్కకు వేరే కాపీ చేయకుండా పాత అర్రేనే (అసలు లైన్ అక్షరాలున్న చోటునే) పంచుకోవడం వల్ల వచ్చిన తంటా అది. 2012లో జావా 7 అప్‌డేట్ 6తో మార్చారు. ఇక్కడ కొత్తగా తిన్నదేమీ లేదు. "పట్టుకుని కూర్చుంది", "వదలట్లేదు" అంటేనే జబ్బు తెలుస్తుంది. ఈ మాటల మీదే ఓ తమ్ముడికీ నాకూ మధ్య ముచ్చట:

– అన్నా, అమీర్‌పేట కోచింగ్‌లో దేన్నైనా మెమరీ లీక్ అనే చెప్తున్నారు. లీక్‌ని "కారడం" అనొచ్చా?

– వద్దు తమ్ముడూ. కారితే నీళ్లు బయటికి పోతాయి. మెమరీ ఎక్కడికీ పోదు, అవసరం తీరినా ప్రోగ్రాం దగ్గరే ఉండిపోతుంది. లీక్ అనే ఉంచు, అందరికీ తెలిసిన మాట.

– మరి ఫైల్లోని లైన్లన్నీ చదివే పైథాన్ రీడ్‌లైన్స్?

– అది లీక్ కానే కాదు. లైన్లన్నీ ఒకేసారి లిస్టులో పెట్టమని అడిగింది మనమే. ఫర్ లూప్‌లో ఫైల్ మీదే తిరిగితే ఒక్కో లైనే వస్తుంది, వాడాక వదిలేస్తుంది. బగ్ రిపోర్ట్ రాసేటప్పుడు "లీక్ ఉంది" అని రాస్తే అవతలివాళ్లు లేని లీక్ కోసం రోజంతా వెతుకుతారు. "ఫైలంతా ఒకేసారి లోడ్ చేస్తోంది" అని రాయి.